వగైరా ఇంటిపేరైన వైనం



ప్రత్యేక సంచికకు ఏదైనా పాత సంగతి రాయమని మన కార్యదర్శిగారు అడిగారు. రాసేది పాత సంగతే గాని, దాన్ని గుర్తు చేసింది కొత్త వస్తువు. ఇప్పటి సెల్‌ఫోన్లలో అనువాదం చేసే యంత్రం ఉంది కదా, పిల్లలు దానితో ఒక ఆట ఆడుతున్నారు. ఒక తెలుగు వాక్యం ఇచ్చి హిందీలోకి మార్చమంటారు. ఆ హిందీని జపాను భాషలోకి, దాన్ని ఇంగ్లీషులోకి, చివరికి మళ్ళీ తెలుగులోకి. బయలుదేరిన వాక్యం ఒకటి, ఇంటికి చేరే వాక్యం ఇంకొకటి. మేనత్తగా వెళ్ళినావిడ పిన్నిగా తిరిగి వస్తుంది. “మీరు” అని గౌరవంగా పంపిస్తే “నువ్వు” అని వాపసు వస్తుంది. పిల్లలు పొట్ట చేత్తో పట్టుకుని నవ్వుతారు.

నేనూ నవ్వాను. కాని రెవెన్యూ శాఖలో 36 ఏళ్ళు గుమాస్తాగిరీ చేసినవాడికి ఇది కొత్త ఆటేమీ కాదు. హైదరాబాదు దఫ్తరాల్లో ఈ ఆట యంత్రం లేకుండానే వందేళ్ళకు పైగా ఆడారు. తేడా ఏమిటంటే, అక్కడ పందెం వాక్యం కాదు, భూమి.

ముందు యంత్రం సంగతి. ఇలా భాష నుంచి భాషకు మార్చే యంత్రాలు చాలాకాలం మధ్యలో ఇంగ్లీషును తొక్కుకుంటూ వెళ్ళాయి. తెలుగు నుంచి మరో భాషకు వెళ్ళాలంటే ముందు ఇంగ్లీషు గడప దాటాలి. ఆ గడప దగ్గర కొన్ని సామాన్లు దించేయాలి. మనకు “మేము” వేరు, “మనం” వేరు. ఇంగ్లీషుకు రెండూ ఒకటే. “మేము భోజనానికి వెళుతున్నాం” అంటే ఎదుటివాడు ఇంటికి పోవచ్చునని అర్థం. “మనం భోజనానికి వెళుతున్నాం” అంటే అతనికీ విస్తరి వేసినట్టు. యంత్రం గుండా తిరిగి వచ్చేసరికి చుట్టం భోంచేయాలో పస్తుండాలో తెలియదు. అత్త, పిన్ని, పెద్దమ్మ, మేనత్త అందరికీ ఇంగ్లీషులో ఒకే మాట. లోపలికి నలుగురు వెళితే బయటికి వచ్చేది ఎవరో ఒకరు.

ఇది యంత్రాలతో పుట్టిన వినోదమూ కాదు. అమెరికాలో మార్క్ ట్వేన్ అనే హాస్య రచయిత కప్ప గంతుల పందెం మీద ఒక కథ రాశాడు. దాన్ని ఎవరో ఫ్రెంచిలోకి అనువదిస్తే ఆయనకు ఒళ్ళు మండి, ఆ ఫ్రెంచిని ముక్కకు ముక్కగా మళ్ళీ ఇంగ్లీషులోకి మార్చి, మూడింటినీ పక్కపక్కన అచ్చు వేయించాడు. అది 1875 నాటి సంగతి. యంత్రం వంతు 1954 జనవరిలో వచ్చింది. న్యూయార్కులో జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం వారు, ఐబీఎం కంపెనీ వారు కలిసి రష్యన్ నుంచి ఇంగ్లీషులోకి అరవైకి పైగా వాక్యాలను యంత్రం చేత అనువదింపజేసి చూపించారు. దాని దగ్గర ఉన్నవి 250 మాటలు, ఆరు సూత్రాలు. పత్రికలవాళ్ళు ఇక దుబాసీలకు పని ఉండదన్నారు. ఆ తర్వాత పుట్టిందే ఆ ప్రసిద్ధమైన కథ. మనసుకున్న ఓపిక ఒంటికి లేదని చెప్పే బైబిలు మాటను యంత్రం రష్యన్‌లోకి పంపి వెనక్కి తెస్తే, సారా బాగుంది గాని మాంసం పాడైందని వచ్చిందట. వెతికి చూసిన పండితులు మాత్రం ఏ యంత్రమూ అలా చేసిన దాఖలా లేదని, అది మనుషులు కల్పించిన హాస్యమని తేల్చారు. యంత్రం మీద కల్పించక్కర్లేదు, మన దఫ్తరాల్లో కల్పించనివే బోలెడు ఉన్నాయి.

మన గొలుసు ఇది. నిజాం సర్కారులో రాతకోతలు మొదట ఫారసీలో ఉండేవి. 1884లో ఫారసీ స్థానంలో ఉర్దూ వచ్చింది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడ్డప్పుడు చదువంతా ఉర్దూలో చెప్పడానికి అనువాద శాఖ ఒకటి పెట్టారు. దారుత్తర్జుమా అనేవారు. అరబ్బీ, ఫారసీ ధాతువుల నుంచి శాస్త్రాలకు మాటలు పోతపోసేవారు. జ్వరం చూసే థర్మామీటరుకు “మిక్యాసుల్ హరారత్” అని పేరు. మాట గంభీరంగానే ఉంది గాని, జ్వరం వచ్చినవాడు మాత్రం థర్మామీటరే అడిగాడు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య తర్వాత దఫ్తరాల్లోకి ఇంగ్లీషు వచ్చింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 1966లో అధికార భాషా చట్టం, 1974లో వావిలాల గోపాలకృష్ణయ్యగారు అధ్యక్షులుగా అధికార భాషా సంఘం వచ్చాయి. తెలుగులో రాయండన్నారు. రాశాం. ఏది చూసి రాశాం? ఇంగ్లీషు చూసి. ఆ ఇంగ్లీషు ఏది చూసి రాసింది? ఉర్దూ. ఆ ఉర్దూ? ఫారసీ. ఆ ఫారసీ రాసిన మునిషీకి పొలం గట్టు మీద నిలబడి వివరం చెప్పినవాడెవడు? తెలుగు రైతు. అంటే చక్రం పూర్తిగా తిరిగింది. తెలుగు నుంచి బయలుదేరి తెలుగుకే చేరాం. పిల్లల ఆట ఇదే కదా.

శంషాబాదు దీనికి మంచి తార్కాణం. షంస్ అంటే అరబ్బీలో సూర్యుడు. షంసుల్ ఉమరా అనేది పాయిగా ప్రభువుల బిరుదు, అమీర్లలో సూర్యుడని. ఆ బిరుదు మీదనే ఊరికి పేరు వచ్చిందంటారు. అరబ్బీ సూర్యుడికి ఫారసీ “ఆబాద్” తగిలించారు. పక్కనే రైలు స్టేషను ఉంది. ఉర్దూలో ఉమ్దా నగర్, అంటే మేలైన ఊరు. తెలుగు నోట అది ఉందానగర్ అయింది. కొత్తగా వచ్చినవాడు బోర్డు చదివి, “ఉందా, నగర్?” అని అడుగుతున్నట్టుంటుంది. వెనకటికి అక్కడ దిగి చుట్టూ చూసినవాడికి ఆ సందేహం సబబే అనిపించేది. చుట్టుపక్కల ఊళ్ళు మామిడిపల్లి, గొల్లపల్లి, ఇలా శుభ్రమైన తెలుగు పేర్లవి. కాని ఉర్దూ లిపిలో ఒ–ఓ తేడా కనబడదు, ళ అనే అక్షరమే లేదు, పొట్టి అచ్చులు రాయకుండా వదిలేయడం వాడుక. గొల్లపల్లిని గోలపల్లి అని చదివినా ఆ లిపి అభ్యంతరం చెప్పదు. పైగా చేతిరాత షికస్తా, అంటే విరుపుల రాత. మునిషీ తొందరలో ఉంటే చుక్కలు ఎగరగొట్టేవాడు. ఉర్దూలో ఒక్క చుక్క తేడాతో “దుఆ” కాస్తా “దగా” అవుతుంది. దీవెన, మోసం, మధ్యలో ఒక చుక్క.

ఇక మన శాఖ మాటలు. నిజాం రికార్డుల్లో మాగాణిని “తరీ” అనీ, మెట్టను “ఖుష్కీ” అనీ రాశారు. ఇంగ్లీషులో వెట్, డ్రై అన్నారు. అంతవరకు బాగానే ఉంది. ఆ ఇంగ్లీషు చూసి ఒక కుర్ర గుమాస్తా తెలుగులో “తడి భూమి”, “ఎండిన భూమి” అని నోటు పెట్టాడు. మా అధికారి దాన్ని చదివి, “ఈ భూమి ఎండాకాలంలో కూడా తడిగానే ఉంటుందా?” అని మార్జినులో ఎర్రసిరాతో రాశారు. నవ్వుకోవలసిందే గాని, శిస్తు దగ్గర్నుంచి నష్టపరిహారం దాకా తరీకి ఒక లెక్క, ఖుష్కీకి ఇంకొక లెక్క అని మీకు చెప్పక్కర్లేదు.

పోట్ ఖరాబ్ మరీ ముచ్చటైనది. ఒక సర్వే నంబరులో బండలో, గుట్టో, వాగో ఉండి సాగుకు పనికిరాని ముక్క అది. హైదరాబాదు సంస్థానంలో మరాఠీ జిల్లాలు ఐదు ఉండేవి గనుక ఆ భాష మాటలూ రికార్డుల్లో చేరాయి. మరాఠీలో పోట్ అంటే పొట్ట. ఒక పెద్ద నంబరు కడుపులోని ముక్క అని భావం. ముక్కకు ముక్క అనువదిస్తే, “కడుపు పాడైంది”. ఖారిజ్ ఖాతా అంటే ఎవరి పట్టాలోనూ లేక సర్కారు కింద ఉన్న భూమి. ఇంగ్లీషు మీదుగా వస్తే “తొలగించిన ఖాతా”, బ్యాంకువాడు మూసేసినట్టు. నిజాంగారి సొంత భూములు సర్ఫేఖాస్. మాట అర్థం చూస్తే “సొంత ఖర్చు”.

సంవత్సరాలూ అంతే. మన రికార్డులు ఫస్లీలో ఉంటాయి. ఫస్లీకి 590 కలిపితే ఇంచుమించు ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. జాగీర్ల రద్దు ఉత్తరువు ఫస్లీ 1358 నాటిది, అంటే 1949. ఆ 1358ని ఎవరైనా హిజ్రీ అనుకున్నారా, 1939 అవుతుంది. పదేళ్ళు గల్లంతు.

అంకెల్లో అసలు ప్రమాదం ఇంకొకటి ఉంది. 1956 తర్వాత కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన మిత్రులు మన దగ్గర పనిచేశారు, మనవాళ్ళు అటూ వెళ్ళారు. అక్కడ ఎకరానికి 100 సెంట్లు. ఇక్కడ ఎకరానికి 40 గుంటలు. పహాణీలో 1–20 అని ఉంటే తెలంగాణలో ఎకరం ఇరవై గుంటలు, అంటే ఎకరంన్నర. ఆ గీతను చుక్కగా చేసి 1.20 అని రాశారో, అవతలివాడు ఎకరం ఇరవై సెంట్లు అని చదువుతాడు. పోయింది పన్నెండు గుంటలు. గుంటకు 121 చదరపు గజాలు. లెక్కేసుకోండి, 1,452 గజాలు ఒక చుక్కలో మునిగిపోయాయి. ఈ నాడు శంషాబాదులో 1,452 గజాలంటే ఏమిటో మన సభ్యుల్లో అక్కడ ప్లాటు కొన్నవారికీ, కొనలేకపోయినవారికీ తెలుసు.

కొత్త విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. నేను పదవీ విరమణ చేసింది ఆ ఏడే. దానికి సుమారు 5,500 ఎకరాలు సేకరించారు. చుట్టూ రోడ్లకీ, మిగతా పనులకీ సేకరించింది వేరే. పనంతా 1894 నాటి భూసేకరణ చట్టం కింద నడిచింది. ఆ చట్టం ప్రకారం నాలుగో సెక్షను ప్రకటన గెజెట్లోనూ, రెండు దినపత్రికల్లోనూ రావలసి ఉండేది. ఆ రెండింటిలో ఒకటైనా ప్రాంతీయ భాషలో ఉండాలనేవారు. పరిహారం ఎంతో నిర్ణయించి ఇచ్చే ఉత్తరువును “అవార్డు” అంటారు. “మాకు అవార్డు వచ్చింది” అని రైతు చెబితే, పట్నం చుట్టం, “ఏ పంటకు?” అని అడిగాడట. దానిమీద నూటికి 30 చొప్పున ఇచ్చే సోలేషియం ఉండేది. ఓదార్పు సొమ్ము అన్నమాట. చేను పోయినవాణ్ణి సర్కారు ఓదార్చే రేటు 1984 సవరణతో 30 శాతంగా స్థిరపడింది.

ఆ రోజుల్లోనే, ఆ చుట్టుపక్కలే జరిగిన కేసు ఒకటి చెబుతాను. ఊరు చెప్పను, దఫ్తరమూ చెప్పను. పట్టాదారు పేరు మల్లయ్య అనుకుందాం. మా ముందున్న తెలుగు నకలులో పట్టాదారు కాలంలో “వగైరా మల్లయ్య” అని ఉంది. మల్లయ్య పోయాడు. ఆయన కొడుకులు వారసత్వం కాగితాలతో వచ్చారు. అన్నీ సవ్యంగా ఉన్నాయి. డబ్బు మొత్తం వాళ్ళకే వెళ్ళవలసి ఉంది.

ఒక ముసలమ్మ రోజూ వచ్చి వరండాలో కూర్చునేది. మల్లయ్య తమ్ముడి పెండ్లాం. “ఆ చేన్ల మాకు గూడ పాలు ఉన్నది సారూ, మా మామ ఇచ్చిపోయిండు,” అనేది. కాగితం ఏదమ్మా అంటే లేదు. ఒకనాడు నేను విసుగు లేకుండా, రికార్డులో ఏముందో చదివి వినిపించాను. పట్టాదారు ఇంటిపేరు వగైరా, పేరు మల్లయ్య, తండ్రి పేరు ఫలానా అని. ఆవిడ నా మొహం వంక చూసి, “వగైరా ఎవరు సారూ? మా ఇంటిపేరు అది గాదు. మా ఊర్ల ఆ ఇంటిపేరోళ్ళే లేరు,” అంది.

మీకు ఈపాటికి తెలిసిపోయే ఉంటుంది. ఉర్దూలో వగైరా అంటే “మొదలైనవారు”. అసలు రికార్డులో “మల్లయ్య వగైరా” అని ఉండాలి. మల్లయ్యా, ఆయనతోబాటు ఇంకొందరు. దాన్ని ఎవరో మహానుభావుడు ఇంగ్లీషులో ఉన్నదున్నట్టు దింపాడు. అది రెండు మాటల పేరులా కనబడింది. ఆ ఇంగ్లీషును తెలుగు చేసిన ఇంకొక మహానుభావుడు, మనకు ఇంటిపేరు ముందుంటుంది గదా అని, వగైరాను ముందుకు తెచ్చాడు. ఎవరూ కావాలని చేసింది కాదు. ఎవరికి వారు తమ ముందున్న కాగితాన్ని నమ్మి శ్రద్ధగా రాసినవారే. మధ్యలో ఇద్దరు తమ్ముళ్ళు మాయమయ్యారు.

1954–55 నాటి ఖాస్రా పహాణీ తీయించాం. తెలంగాణ భూమి తగాదాల్లో దానికున్న విలువ మీకు తెలిసిందే. పేజీ చివర పురుగు తిన్నా, కావలసిన వరుస ఉంది. చదవడానికి ఒక రిటైరైన మునిషీగారిని పిలిపించాం. మా నాన్నగారు ఉర్దూ మీడియంలో చదివినవారు కనుక కూడబలుక్కుని చదవడం నాకూ కొంత వచ్చు గాని, షికస్తా నాకు కొరుకుడు పడదు. ఆయన కళ్ళద్దాలు పైకి తోసి, కాగితం కంటికి ఆనించి, “మల్లయ్యా వగైరా బిరాదరాన్,” అన్నారు. మల్లయ్య మొదలైన అన్నదమ్ములు. బిరాదరాన్ అనే మాట ఇంగ్లీషులోకి దిగనే లేదు. దింపినాయనకు అది చదవడం రాలేదో, కాలంలో చోటు చాలలేదో.

మా అధికారి డబ్బు చెల్లింపు ఆపి, పాళ్ళ తగాదా కనుక ముప్ఫయ్యో సెక్షను కింద కోర్టుకు పంపి, సొమ్ము కోర్టులో జమ చేయించారు. తీర్పు వచ్చేసరికి నేను రిటైరయ్యాను. మూడు పాళ్ళు చేశారని తర్వాత తెలిసింది. ముసలమ్మ అప్పటికి లేదు. ఆమె పాలు కొడుకు తీసుకున్నాడు.

ఈ కేసు తర్వాత నాకొక సంగతి పట్టుబడింది. మన రికార్డుల్లో చెడిపోయినవన్నీ చాలావరకు అనువదించిన మాటలు. చెడనివి ఏవంటే, ఎవరూ ముట్టుకోనివి. పట్టా, పహాణీ, జమాబందీ, సేత్వార్, తహసీల్దారు. నాలుగు భాషల దొరలు మారినా వీటిని ఎవరూ తెలుగు చేయలేదు, ఇంగ్లీషూ చేయలేదు. చదువురాని రైతుకు కూడా ఫైసల్ పట్టీ అంటే అర్థమవుతుంది. వగైరాకు జరిగిన తప్పు కూడా దాన్ని ఉంచేయడం కాదు, మాట అని తెలియక పేరుగా ఉంచేయడం.

ఆశ్చర్యం ఏమిటంటే, మన ఊళ్ళోనే పెద్ద చదువులవాళ్ళు యంత్రం చేసేటప్పుడు ఇంచుమించు ఇదే దారి పట్టారు. శంషాబాదు నుంచి ఔటర్ రింగు రోడ్డు ఎక్కితే గచ్చిబౌలి వస్తుంది. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం అక్కడే. కాన్పూరు ఐఐటీలో మొదలై 1990ల్లో ఇక్కడ సాగిన పని ఒకటి ఉంది, పేరు అనుసారక. వినీత్ చైతన్య, రాజీవ్ సంగల్ మొదలైనవారు “అక్షర భారతి” అనే ఉమ్మడి పేరుతో దాని గురించి రాశారు. 1998లో గచ్చిబౌలిలోనే ట్రిపుల్ ఐటీ వచ్చాక అక్కడా ఈ పని సాగింది. తెలుగు, కన్నడం, మరాఠీ, బెంగాలీ, పంజాబీల నుంచి హిందీలోకి మార్చే యంత్రాలవి. మధ్యలో ఇంగ్లీషు లేదు. వారి పట్టుదల ఏమిటంటే, వచ్చే హిందీ సొంపుగా లేకపోయినా ఫర్వాలేదు, మూలంలో ఉన్న సమాచారం పోకూడదు. సరైన మాట దొరకని చోట యంత్రం ఊహించి రాయదు, గుర్తు పెట్టి వదులుతుంది. చదివేవాడు కాస్త అలవాటు చేసుకుని అర్థం చేసుకోవాలి. ఇది విన్నప్పుడు నాకు మా పాత పేష్కారుగారు గుర్తొచ్చారు. తెలియని మాట వస్తే కింద గీత గీసి, “అసలు చూడవలెను” అని రాసేవారు. ఆ గీతను మేము ఎగతాళి చేసేవాళ్ళం.

తర్వాత వచ్చిన యంత్రాలు వేరు. గూగుల్ వారి అనువాదం 2006లో మొదలై 2011లో తెలుగుకు వచ్చింది. కేంద్ర ప్రభుత్వం వారి భాషిణి 2022లో వచ్చింది. ఏడాదికేడాదికి మెరుగవుతున్నాయి, కాదనను. వాక్యం నున్నగా వస్తుంది. నాకు అదే భయం. వెనకటి యంత్రం తప్పు చేస్తే వాక్యం కుంటేది, చూడగానే తెలిసేది. ఇప్పటిది తప్పు చేసినా వాక్యం తలెత్తుకుని నడుస్తుంది. “వగైరా మల్లయ్య” కూడా చూడ్డానికి ఎంత చక్కటి పేరు!

మన పింఛనుదార్లకు దగ్గరి ఉదాహరణ చెబుతాను. 2014 నవంబరులో కేంద్రం వారు డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్ తెచ్చి “జీవన్ ప్రమాణ్” అని పేరు పెట్టారు. హిందీలో ప్రమాణ్ అంటే రుజువు. బతికి ఉన్నామన్న రుజువు. తెలుగులో జీవన ప్రమాణం అంటే ఏమిటో మీకు తెలుసు. మా వీధిలో ఒక రిటైర్డు పంతులుగారు ఆ పేరు చూసి, “మన జీవన ప్రమాణం ఎంత ఉందో చూసి పింఛను పెంచుతారు కాబోలు,” అని రెండు రోజులు సంతోషించారు. హిందీవారికి శిక్ష అంటే చదువు, మనకు దండన. పంతులుగారికి ఆ రెండూ తెలుసు గాని ఇది తట్టలేదు.

చివరగా ఒక మనవి. తెలంగాణలో భూముల రికార్డు 2020లో ధరణిలోకి, 2025లో భూభారతిలోకి వెళ్ళింది. కంప్యూటరులో ఉన్నదాన్ని పాతదానితో పోల్చుకోవాలంటే పాత కాగితం ఉండాలి, చదివేవాడూ ఉండాలి. మీ ఇళ్ళల్లో పెద్దల నాటి ఉర్దూ పహాణీ నకళ్ళు, శిస్తు రసీదులు ఉంటే చిత్తు కాగితాలవాడికి వేయకండి. షికస్తా చదవగలిగినవారు మన సభ్యుల్లో నాకు తెలిసి ఇద్దరే ఉన్నారు, ఇద్దరికీ ఎనభై దాటింది. ఇంకెవరైనా ఉంటే కార్యదర్శిగారి వద్ద పేరు రాయించండి. నెలకొకసారి సంఘం గదిలో కూర్చుని, తెచ్చినవారి కాగితాలు చదివి పెట్టే ఏర్పాటు చేద్దామని ఆయన అన్నారు. కళ్ళద్దాలు మాత్రం ఎవరివి వారే తెచ్చుకోవాలి.